అపాదానంగా మిగిలిన కన్నవారు: తెలుగు సాహిత్యం, స్టువర్టుపురం చరిత్ర, పెంపక చట్టం

వ్యాససంగ్రహం:
కన్నవారు బ్రతికి ఉండగానే వేరొక ఇంటనో సంస్థలోనో పెరిగే బిడ్డ తెలుగు సాహిత్యానికి కొత్తవాడు కాడు. అయితే ఆ బిడ్డను పెంచిన ఇంటిని మన కవులు, కథకులు చూసినంత శ్రద్ధగా, ఆ బిడ్డ వెళ్లిపోయిన ఇంటిని చూడలేదు. పోతన భాగవత దశమస్కంధం, భారత ఉద్యోగపర్వం, ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ నవలలను ఆ రెండవ ఇంటి వైపు నుంచి చదివే ప్రయత్నం ఈ వ్యాసం. బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం సెటిల్మెంటు చరిత్రను, 2015 నాటి బాలల న్యాయ చట్టం భాషను ఈ పఠనానికి ఆధారాలుగా తీసుకున్నాను.

కీలకపదాలు: కన్నవారు, పెంపకం, దేవకి, వ్రేపల్లె, స్టువర్టుపురం, మాలపల్లి, నేరస్థ తెగల చట్టం, పెంపుడు సంరక్షణ.

1. వ్రేపల్లె అనే మాట

తెలుగు భాగవతంలో గోకులానికి వ్రేపల్లె అని పేరు. వ్రేత అంటే గొల్లెత. వ్రేపల్లె అంటే గొల్లపల్లె. వకారం జారి అదే రేపల్లె అయింది. కృష్ణా ముఖద్వారానికి చేరువలో ఉన్న రేపల్లె పట్టణానికి ఆ పేరు ఎలా వచ్చినా, తెలుగు పాఠకునికి ఆ మాట వినగానే గుర్తుకు వచ్చేది వెన్న, ఉట్లు, యశోద. అంటే మన సాహిత్యంలో అత్యంత ప్రసిద్ధమైన పెంపుడు ఇల్లు. కన్నవారు చెరలో ఉండగా, ప్రాణభయం వల్ల వేరొకరి ఇంటికి చేర్చిన బిడ్డ కథ అది.

ఈ కథకు రెండు ఇళ్లున్నాయి. ఒకటి నందుని ఇల్లు, రెండవది మథురలోని చెరసాల. మన్ను తిన్న ఘట్టం, రోటికి కట్టిన ఘట్టం తెలుగువారి నోట నిత్యం ఆడుతూనే ఉన్నాయి. వసుదేవుడు యమున దాటి తిరిగి వచ్చిన తరువాత, బిడ్డ యౌవనంలో అడుగుపెట్టి మథురకు వచ్చేవరకు ఆ రెండవ ఇంట్లో ఏం జరిగిందో మన ఊహ అంతగా పట్టించుకోలేదు. రంగస్థలం సంగతీ అంతే. బాపట్లలో పుట్టి తెనాలి శ్రీరామవిలాస సభ ద్వారా పేరు గాంచిన స్థానం నరసింహారావు సత్యభామను ఆంధ్రదేశం నెత్తిన పెట్టుకుంది. ఈ ప్రాంతపు పద్యనాటకాల్లో కృష్ణుడు రాయబారి, సత్య భర్త, పార్థసారథి. దేవకి కొడుకుగా అతడు వేదిక ఎక్కడం అరుదు.

పెంచిన ప్రేమను తక్కువ చేయడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. కన్నప్రేమ కంటే పెంచిన ప్రేమ గొప్పదన్న మాట అనాథ బిడ్డల పాలిట ఎంతో మేలు చేసింది. కాని ఆ వాక్యంలో ‘కంటే’ అన్న ప్రత్యయం ఒక పోటీని ముందే తీర్మానించి పెట్టింది. కన్నవారు ఆ పోటీలో ఓడినవారు. వారు ఎందుకు బిడ్డకు దూరమయ్యారో అడగవలసిన అవసరం ఆ వాక్యానికి లేదు.

2. దేవకి నోరు విప్పిన చోటు

దశమస్కంధం పూర్వభాగంలో కంసవధ అనంతరం రామకృష్ణులు దేవకీవసుదేవుల వద్దకు వస్తారు. కృష్ణుడు అక్కడ పలికే మాటల సారం ఇది: మా కోసం మీరు నిత్యం తపించినా, మా బాల్యం, కౌమారం మీకు దక్కలేదు, కన్నవారి ఇంట లాలనతో పెరిగే భాగ్యం మాకూ దక్కలేదు. నష్టం రెండు వైపులా జరిగిందని కొడుకే అంగీకరించే ఘట్టమిది. ఆ ఏళ్లు తిరిగి రావని అతనికి తెలుసు. నందయశోదల ఔన్నత్యాన్ని చెప్పడానికి ఈ సందర్భాన్ని ఎత్తుకోవడం పరిపాటి. ఇక్కడ నిలబడి ఉన్న ఇద్దరు వృద్ధుల స్థితి వ్యాఖ్యాతలకు ఎక్కువ పని కల్పించలేదు.

ఇంతకన్నా బలమైన ఘట్టం ఉత్తరభాగంలో ఉంది. ద్వారకలో సకలైశ్వర్యాల మధ్య ఉన్న దేవకి, గురువైన సాందీపని కుమారుణ్ణి కృష్ణుడు యమలోకం నుంచి తెచ్చి ఇచ్చాడని విని, కంసుడు చంపిన తన బిడ్డలను ఒక్కసారి చూపించమని కోరుతుంది. కృష్ణుడు సుతలానికి వెళ్లి బలి వద్ద ఉన్న ఆ ఆరుగురిని తీసుకువస్తాడు. ఆమె వారిని ఒడిలోకి తీసుకుని పాలిస్తుంది. వారు కొద్దిసేపే ఉండి ఊర్ధ్వలోకాలకు వెళ్లిపోతారు.

ఈ కోరిక వెలువడిన సమయాన్ని గమనించాలి. కంసుడు చచ్చి చాలా కాలమైంది. రాజ్యం ఉంది, కోడళ్లు, మనుమలు ఉన్నారు. లోకం దృష్టిలో దేవకి సమస్య ఏనాడో తీరిపోయింది. అయినా ఆమె మరువలేదు. సంరక్షణ పేరిట గాని, శిక్ష పేరిట గాని బిడ్డను తీసుకువెళ్లినప్పుడు కన్నవారిలో మొదలయ్యేది ఒక సంఘటన కాదు, ఒక స్థితి అని ఈ ఘట్టం చెబుతున్నది. బిడ్డ తిరిగి వచ్చినా ఆ స్థితి పూర్తిగా పోదు. యశోద ఘట్టాలంత ప్రచారం దీనికి ఎందుకు రాలేదన్నది ఆలోచించవలసిన ప్రశ్న. భక్తికి వాత్సల్యం కావాలి. తీరని వెలితి వాత్సల్యంలో ఇమడదు.

ఒక పక్కమాట. ఈ కథలో బిడ్డను పోగొట్టుకున్న మరో తల్లి ఉంది. యశోద కన్నది ఆడపిల్లను. ఆ పిల్లను తీసుకుపోయి కంసుని చేతికి చిక్కేలా చేశారు. యశోదకు ఆ సంగతే తెలియదు. ఆమె నుంచి ఎవరూ అనుమతి తీసుకోలేదు. ఆ శిశువు యోగమాయ కావడం వల్ల పురాణం ఈ లెక్కను సరిచేసుకుంది గాని, లౌకికంగా చూస్తే అది అప్పు తీరని ఖాతాయే.

3. కుంతి కొలబద్ద

కన్నవారిని తీర్పు తీర్చేటప్పుడు మన సంప్రదాయం దేవకిని కాక కుంతిని కొలబద్దగా తీసుకుంది. కుంతి బిడ్డను పెట్టెలో పెట్టి నదిలో వదిలింది. యుద్ధం తలుపు తట్టినప్పుడు వెతుక్కుంటూ వచ్చింది. ఉద్యోగపర్వంలో కర్ణుడు ఇచ్చే సమాధానం న్యాయమైనదే. సూతుడు ఇంటికి తెచ్చాడు, రాధ పాలిచ్చి మలమూత్రాలు ఎత్తి పెంచింది, ఆమెకు పిండం లేకుండా ఎలా చేయగలనని అతడు అడుగుతాడు. ఈ మాటలు అతడు మొదట చెప్పింది కృష్ణునితో. రథంలో పక్కపక్కన కూర్చున్న ఆ ఇద్దరూ పెంపుడు ఇళ్లలో పెరిగినవారే. ఒకడు కన్నవారి వద్దకు తిరిగి వెళ్లినవాడు, మరొకడు వెళ్లనన్నవాడు. వెళ్లినవాని కన్నవారు బిడ్డను వదిలిపెట్టినవారు కారు. ఆ సంభాషణలో ఈ భేదం మాటల్లోకి రాకపోయినా, దాని అంతర్ధారగా ఉంది.

వదలడం వేరు, వదులుకోవలసి రావడం వేరు, లాక్కోవడం వేరు. మూడింటికీ మన వ్యవహారంలో ఒకే నింద ఉంది: కన్నవాళ్లు కాదనుకున్నారు. కుంతికి వర్తించే మాటను దేవకికి వర్తింపజేసినప్పుడు జరిగే అన్యాయం సాహిత్యంలో అయితే ఒక అలంకారదోషంతో పోతుంది. సమాజంలో అలా పోదు.

4. తెనాలి ఇళ్లు

బిడ్డ వేరొక ఇంట పెరగడం ఈ మండలంలో అసాధారణమేమీ కాదు. కొమ్మూరివారింట పుట్టిన చలం, మాతామహుడు గుడిపాటి వెంకటరామయ్య దత్తత తీసుకోగా గుడిపాటి వెంకటచలం అయ్యారు. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు తండ్రిని 1914లో, తల్లిని 1920లో కోల్పోయి మేనమామ ప్రాపున పెరిగారు. తాతగారింట పెరిగాడు, మేనమామ చదివించాడు అన్న మాటల్లో ఎవరికీ చిన్నతనం లేదు. బంధుత్వం ఆ వెలితిని పూరించకపోయినా దానికి ఒక గౌరవమైన పేరు పెట్టింది.

చలం ‘బిడ్డల శిక్షణ’ ఇక్కడ ప్రస్తావించవలసిన గ్రంథం. బిడ్డలు తల్లిదండ్రుల ఆస్తి కాదన్న భావన తెలుగులో బలంగా నాటుకోవడానికి అది ఒక ప్రధాన కారణం. బిడ్డ పక్షాన నిలబడి ఆ గ్రంథం తల్లిదండ్రులను బోనెక్కించింది. బిడ్డలపై తిరుగులేని అధికారం చలాయించే మధ్యతరగతి పెద్దలను నిలదీయడానికి ఆ స్వరం అవసరం. కాని కొందరు తల్లిదండ్రులకు బిడ్డలపై ఏ అధికారమూ లేదు; వారిపైనే వేరొకరి అధికారం ఉంది. అటువంటివారి ముందు అదే నిలదీత స్వరం ఎత్తితే అది ప్రభుత్వ స్వరంతో కలిసిపోయే ప్రమాదం ఉంది. చలం కాలంలోనే, తెనాలికి ఎంతో దూరం లేని చోట, అటువంటి తల్లిదండ్రులు ఉన్నారు.

5. స్టువర్టుపురం

బాపట్ల, చీరాల మధ్య రైలు మార్గంలో స్టువర్టుపురం ఒక స్టేషను. మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరిట, 1913-14 ప్రాంతంలో ఎరుకల కుటుంబాల కోసం ఏర్పడిన సెటిల్మెంటు ఇది. నడిపింది సాల్వేషన్ ఆర్మీ, అంటే ముక్తిఫౌజు. భారతదేశంలో ఆ సంస్థకు నాయకుడైన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ నేరాన్ని నయం చేయదగిన రోగంగా భావించి, ఆ చికిత్సకు ‘క్రిమినోక్యూరాలజీ’ అని శాస్త్రనామమే పెట్టాడు.

నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చినా, మద్రాసు రాష్ట్రానికి అది వర్తించింది 1911 చట్టంతోనే. ఆ చట్టంలోని 17వ సెక్షన్ ఈ చర్చకు కీలకం. ప్రకటిత తెగల పిల్లల కోసం స్థానిక ప్రభుత్వం పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలలను స్థాపించవచ్చుననీ, ఆ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి వాటిలో ఉంచమని ఆజ్ఞాపించవచ్చుననీ అది చెబుతుంది. ఆరేళ్లు దాటి పద్ధెనిమిదేళ్లు నిండని వారందరూ పిల్లలే. 1924 నాటి చట్టం ఈ అధికారాన్ని కొనసాగించింది.

ఈ సెక్షన్‌ను వ్యాకరణదృష్టితో చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. వాక్యంలో కర్త ప్రభుత్వం. కర్మ బిడ్డ. తల్లిదండ్రులు అపాదానం. చెట్టు నుంచి కాయను కోశారంటే చెట్టుకు ఆ వాక్యంలో ఎంత పాత్ర ఉందో వారికీ అంతే. వారు నేరం చేశారా, బిడ్డను హింసించారా, పోషించలేకపోయారా అన్న విచారణ అక్కడ లేదు. తెగ పేరు ప్రకటనలో ఉంటే చాలు. ఇప్పటి బాలల సంరక్షణ చట్టాలను ఆ పాత చట్టంతో సమానం చేయడం పొరపాటు. కాని తల్లిదండ్రులను ‘నుంచి’ అన్న ప్రత్యయంగా చూసే అలవాటు అక్కడే శాసనరూపం పొందిందన్నది గుర్తించాలి.

మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన ‘డిసానర్డ్ బై హిస్టరీ’ గ్రంథం ఈ సెటిల్మెంటు చరిత్రను, చీరాల పొగాకు కర్మాగారానికి అక్కడి మనుషులు కూలీలుగా మారిన తీరును వివరంగా చర్చించింది. పెద్దవారిని పనికి, పిల్లలను బడికి వేరుచేయడం వెనుక ఉన్న నమ్మకం ఒక్కటే: పెద్దవారు బాగుపడరు, పిల్లలు బాగుపడవచ్చు, కనుక పిల్లలకు పెద్దవారి గాలి సోకకూడదు. ఈ సూత్రంలో బిడ్డకు మేలు చేయాలన్న కోరిక నిజమే కావచ్చు. తల్లిదండ్రులకు తోడ్పడటం మాత్రం ఆ సూత్రం ప్రకారమే అనవసరం. నయం కాని రోగికి మందెందుకన్నట్టు.

తెలుగు జనరంజక రచన స్టువర్టుపురాన్ని ఎలా చూసిందో తెలిసిందే. 1991లోనే ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ అన్న రెండు చిత్రాలు వచ్చాయి. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. మూడు శీర్షికల్లో ఒకదానిలో పోలీసు, ఒకదానిలో దొంగ, ఒకదానిలో పులి. నూరేళ్లు దాటిన ఊరికి తల్లులు, తండ్రులు కూడా ఉంటారన్న ఊహ శీర్షిక దాకా రాలేదు.

దీనికి భిన్నమైన ధార ఒకటి ఉంది. జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970ల నుంచి ‘సంస్కార్’ సంస్థ ద్వారా స్టువర్టుపురంలో పనిచేశారు. ఆమె గ్రంథం పేరు ‘నేరస్థుల సంస్కరణ’. ఆ శీర్షికలోని మొదటి పదంతో ఈ వ్యాసానికి పేచీ ఉంది; చట్టం అంటించిన పేరును సంస్కర్త కూడా మోయవలసి వచ్చింది. అయితే వారి పని వెనుక ఉన్న నమ్మకం 1911 చట్టానికి నేరుగా ఎదురు నిలుస్తుంది. వారు మాట్లాడింది పెద్దవారితో. ఆ పెద్దవారి తరఫున పోలీసులతో, ప్రభుత్వంతో మాట్లాడారు. తండ్రి మారగలడని నమ్మితే బిడ్డను అతని నుంచి వేరుచేయవలసిన అవసరమే తగ్గుతుంది. బిడ్డకు చేయదగిన సహాయాల్లో ఇది మొదటిదని నా అభిప్రాయం.

6. మాలపల్లిలో తండ్రి

ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో రాయవేలూరు జైలులో ‘మాలపల్లి’ రచించే నాటికి స్టువర్టుపురానికి పట్టుమని పదేళ్లు లేవు. ఉన్నవవారిదీ ఆ గుంటూరు జిల్లాయే. నవలలో రామదాసు కుటుంబం సెటిల్మెంటు పాలవడం కల్పన అయినా, ఆ కల్పనకు ఆధారం కంటి ఎదుట ఉంది. క్రిమినల్ సెటిల్మెంటును ఒక కుటుంబ కథలో భాగంగా తెలుగు నవల అంత తొలినాళ్లలోనే చిత్రించడం విశేషం. మద్రాసు ప్రభుత్వం ఈ నవలను నిషేధించింది.

ఈ నవలలో కథకేంద్రం తండ్రి. ఇది సామాన్యమైన విషయం కాదు. వెంకటదాసు తిరుగుబాటును, సంగదాసు ఆదర్శాన్ని విమర్శకులు విస్తారంగా చర్చించారు. ఆ ఇద్దరినీ పోగొట్టుకుంటున్న రామదాసును చర్చించినప్పుడు మాత్రం అతని వేదాంతం మీదనే దృష్టి నిలిచింది. దానికి నవల కూడా కొంత కారణం. ఒక్కొక్క బిడ్డ దూరమవుతున్న కొద్దీ రామదాసు తత్త్వంలోకి జరుగుతాడు. దుఃఖం పలకవలసిన చోట అతనిలోని దాసరి పలుకుతాడు. ఉన్నవ దృష్టిలో ఇది పంచముని ఆధ్యాత్మిక ఔన్నత్యానికి నిరూపణ. ఆ కాలానికి అది సాహసోపేతమైన నిరూపణ కూడా. కాని నేటి పాఠకునికి ఒక సందేహం కలగక మానదు. ఆ తండ్రికి వేదాంతం తప్ప వేరే ఆసరా ఎవరైనా మిగిల్చారా? జైలు, సెటిల్మెంటు, కోర్టు, భూస్వామి అన్నీ ఒక వైపు నిలిచినప్పుడు తత్త్వం అతని ఎంపిక అనడం కంటే, చేతిలో మిగిలిన చివరి వస్తువు అనడం సబబు.

మహాలక్ష్మి విషయంలో నవల మౌనం మరింత ఎక్కువ. తండ్రికి తత్త్వమైనా దక్కింది. తల్లికి అదీ పూర్తిగా దక్కలేదు. రామదాసు కళ్లతో కాక మహాలక్ష్మి కళ్లతో ‘మాలపల్లి’ని మళ్లీ చదవవలసిన పని పరిశోధకుల ముందు ఉంది.

లక్ష్మణ్ గైక్వాడ్ మరాఠీ ఆత్మకథ ‘ఉచల్యా’ను దీని పక్కన పెట్టవచ్చు. 1987లో వెలువడి 1988లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆ రచనలో బిడ్డను బడికి పంపాలని నిశ్చయించేది తండ్రి. కులం వారు ఎదిరించినా అతడు వెనక్కి తగ్గడు. బిడ్డ చదువుకు కర్త ఇక్కడ ప్రభుత్వమూ కాదు, మిషనరీ కూడా కాదు. అదే రకం తెగ, అదే రకం ముద్ర. కారకం మారగానే కథ మారింది.

7. చట్టపు తెలుగు

2015 నాటి బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ బిడ్డను కొంతకాలం వేరొక కుటుంబంలో ఉంచే విధానాన్ని చెబుతుంది. తల్లిదండ్రులు అసమర్థులని బాలల సంక్షేమ కమిటీ భావించి బిడ్డను అలా ఉంచినప్పుడు, బిడ్డ మేలుకు విరుద్ధమని కారణాలు రాసి నిరాకరిస్తే తప్ప, వారు బిడ్డను చూసి వెళ్లవచ్చు. సమర్థులని తేలితే బిడ్డ తిరిగి ఇంటికి రావచ్చు. 1911తో పోలిస్తే ఇది ఎంత దూరమో చెప్పనక్కరలేదు. అపాదానంగా ఉన్న తల్లిదండ్రులు ఇక్కడ ఒక క్రియకు కర్తలయ్యారు: వారు ‘చూడవచ్చు’. సంస్థలో ఉంచడం చివరి మార్గం కావాలన్న సూత్రాన్ని కూడా ఈ చట్టం అంగీకరించింది.

అయితే ఆ సెక్షన్‌లో సంప్రదానం లేదు. పెంచే కుటుంబానికి నెలనెలా ఆర్థిక సహాయం ఉంది. ‘మిషన్ వాత్సల్య’ మార్గదర్శకాల ప్రకారం అది బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. బిడ్డ ఇల్లు విడవకముందే వితంతువైన తల్లికో, జబ్బుపడిన తండ్రికో అంత మొత్తాన్ని ఇచ్చే స్పాన్సర్‌షిప్ పద్ధతి 45వ సెక్షన్ కింద ఉంది. అది మంచి ఏర్పాటు. కాని బిడ్డ వెళ్లిపోయాక ఖాళీ ఇంట్లో మిగిలిన తల్లి ‘సమర్థురాలు’ కావాలి. తాగుడు మానాలి, అప్పు తీర్చాలి, నిలకడైన పని చూసుకోవాలి, జబ్బు నయం చేసుకోవాలి. ఇవన్నీ ఆమెకు పరీక్షలు. ఆమెను పరీక్షకు సిద్ధం చేసే బాధ్యత ఎవరిదో 44వ సెక్షన్ వాక్యాల్లో కనిపించదు.

భాషకు సంబంధించిన చిక్కు మరొకటి ఉంది. కోస్తా తెలుగులో ‘పెంపకానికి ఇవ్వడం’, ‘పెంపకం వెళ్లడం’ అంటే దత్తత. అది తిరుగులేని పని. ఇంటిపేరు మారుతుంది, తద్దినం పెట్టే హక్కు మారుతుంది. ఈ వ్యవహారంలో పెరిగిన తల్లితో ఒక అధికారి ‘పెంపుడు సంరక్షణ’ అన్నప్పుడు ఆమెకు వినిపించేది తాత్కాలికమైన ఏర్పాటు కాకపోవచ్చు. బిడ్డను వదులుకున్నట్టుగా వినిపించవచ్చు. పత్రికల్లో వాడే ‘ఫోస్టర్ కేర్’ అన్న మాటకు కనీసం ఆ పాత బరువు లేదు. కాని ఆమెకు ఆ మాట అర్థం కూడా కాదు. కొంతకాలం వేరేచోట ఉంచి తిరిగి ఇవ్వడం అన్న భావానికి మన పల్లెల్లో మాట లేకపోలేదు. కాన్పుకో, కరువుకో, చదువుకో బిడ్డను ‘అమ్మమ్మగారింట ఉంచాం’ అంటారు. ‘ఉంచడం’ అన్న ఆ క్రియలో తిరిగి తెచ్చుకోవడం ఇమిడి ఉంది. అందులో కన్నవారే కర్తలు. పారిభాషిక పదాలు తయారుచేసే తెలుగు శాఖలు పరిశీలించవలసిన క్రియ ఇది.

పాలనాపరంగా కూడా ఈ ప్రాంతంలో ఒక మార్పు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడింది. రేపల్లె అందులో చేరింది. తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. తెనాలి నుంచి రేపల్లెకు రైలు ఇప్పటికీ అదే. కాని సంక్షేమ కమిటీలను చట్టం జిల్లావారీగా ఏర్పరచింది. తల్లి ఒక ఊళ్లో, బిడ్డ మరొక ఊళ్లో ఉన్నప్పుడు ‘చూడవచ్చు’ అన్న క్రియ ఇక రెండు కార్యాలయాల మీదుగా సాగవలసి ఉంటుంది. కూలి మానుకుని వెళ్లే మనిషికి ఒక కార్యాలయానికీ రెండింటికీ తేడా ఒక రోజు కూలి.

స్టువర్టుపురంలో చేయవలసిన పరిశోధన ఇక్కడే ఆరంభమవుతుంది. సెటిల్మెంటు బడుల్లో పెరిగినవారి మనుమలు, మునిమనుమలు ఇప్పుడు ఆ ఊళ్లో పెద్దవారు. ఎరుకలవారికి తమదైన కుర్రుబాస ఉంది. బడికి తీసుకుపోయిన బిడ్డను గురించి ఇంట్లో మిగిలినవారు ఆ బాసలో ఏమనేవారు, ఏ పాట పాడేవారు, ఆ బిడ్డ తిరిగి వచ్చినప్పుడు ఏ పేరుతో పిలిచేవారు అన్న ప్రశ్నలను దొంగతనాల కథల కోసం వెళ్లినవారు అడిగి ఉండరు. తెలుగు శాఖల నుంచి వెళ్లేవారైనా వృద్ధులను ముందుగా అడగవలసింది వాటినే. ఆ తరం జ్ఞాపకాలు ఉన్నవారు ఏటికేడు తగ్గిపోతున్నారు.